మీసో (జపాన్ వాళ్ళ పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ చప్పగా వస్తోందన్నారు కదా, ఇలా చేసి చూడండి

కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) వేసి 20 నిమిషాలు మరిగించినా సూప్ చప్పగా, జిగురుగా ఉంది, ఉప్పు పెంచినా లాభం లేదన్నారు కదండీ. అంతసేపు మరిగితే జిగురుతో పాటు చేదు కూడా దిగుతుంది. లీటరు నీళ్ళకి 10 గ్రాముల కొంబు రాత్రే నానబెట్టి, పొద్దున సన్నసెగ మీద పెట్టి, గిన్నె అంచున చిన్న బుడగలు కనపడగానే ముక్క తీసేయండి. దాని మీది తెల్లపొడి బూజు కాదు, కడగకండి (నేను మొదటిసారి సబ్బొక్కటే తక్కువగా తోమేశాను!). 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త ఇకెడా ఉమామి (నోరూరించే కమ్మదనం) అని పేరు పెట్టింది ఈ కొంబులోని గ్లుటమేట్ అనే పదార్థం రుచికే. మామూలుగా ఇందులో వేసే ఎండుచేప మీరు తినరు కాబట్టి, ఎండు షిటాకే పుట్టగొడుగులు రెండు చన్నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతో సహా ఇందులో వేసి కాచండి, వాటిలోని గ్వానిలేట్ అనే పదార్థం తోడైతే గ్లుటమేట్ రుచి ఎన్నో రెట్లు తెలుస్తుంది. మీసో మాత్రం స్టవ్ ఆపాకే కలపండి.