చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మన వార్డు కౌన్సిలరు ఎన్నికకు నువ్వు రాసి, ఫోనులో పంపిన హామీల పత్రం రెండుసార్లు చదివాను. మన ఊరి మీద నీకున్న ప్రేమ ప్రతి మాటలోనూ తెలుస్తోంది. చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. కానీ పత్రం పూర్తయ్యేసరికి గుండెల్లో భయం కూడా మొదలైంది. ఇరవై ఏడు హామీలు రాశావు. రైలు పట్టాల మీద పై వంతెన, యువతకు ఉద్యోగాలు, ఆస్తిపన్ను సగానికి తగ్గింపు, ఆటల ప్రాంగణం. వీటిలో ఏదీ వార్డు కౌన్సిలరు చేతిలో ఉండదు తల్లీ. ఏడాది తిరిగాక జనం నిలదీస్తే చెప్పడానికి జవాబు ఉండదు. జవాబు లేనివాళ్లు మెల్లగా వార్డులో తిరగడం మానేస్తారు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను.

ఇరవై ఏడింటిని నాలుగుకు కుదించు. మొదటిదాని గురించే ఎక్కువ రాస్తాను. అది నా తప్పు వల్ల నేను నేర్చుకున్నది.

పురపాలక సంఘాల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించిన కొత్తలో నేను గెలిచాను. మీ పెదనాన్న అన్నీ తానే చూసుకునేవారు. ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేదాన్ని. సమావేశాల్లో చివరి వరుసలో కూర్చుని, అందరూ చేయి ఎత్తినప్పుడు నేనూ ఎత్తేదాన్ని. రెండో ఏడాది వేసవిలో మన వార్డు చిట్టచివరి వీధి నుంచి ఒక ముసలమ్మ ఇంటికి వచ్చింది. ఏమీ అడగకుండా నా చేయి పట్టుకుని వాళ్ల ఇంటికి తీసుకెళ్లింది. కుళాయి కింద పెట్టిన స్టీలు గ్లాసు తీసి నా చేతికిచ్చి, "తాగమ్మా" అంది. నీళ్లలో సన్నటి నల్లని నలుసులు తేలుతున్నాయి. నోటి దాకా తీసుకెళ్లాక మురుగు వాసన తగిలింది. నేను తాగలేకపోయాను. ఆమె మనవడు పక్కనే మంచం మీద విరేచనాలతో నీరసించి పడుకుని ఉన్నాడు. అంతకు రెండు నెలల ముందే మా వార్డు గొట్టాల మరమ్మతు బిల్లు సమావేశానికి వచ్చింది. చదవకుండా చేయి ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ మర్నాడు నీటి సరఫరాలో పనిచేసే ఫిట్టరును వెంటబెట్టుకుని వీధంతా నడిచాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మురుగు కాలువలో చేయి పెట్టి, అందులోంచి పోతున్న మంచినీటి గొట్టాన్ని చూపించాడు. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు బయటికి కారతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అయి, చుట్టూ ఉన్న మురుగును అతుకుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. పై వీధివాళ్లు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్చడం ఇంకా పెరుగుతుంది. ఆ మురుగంతా చివరి ఇంటికి చేరుతుంది. 2018 మార్చిలో ఇక్కడ గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారంతో పదిమందికి పైగా చనిపోయినప్పుడు, ఆ ముసలమ్మ గ్లాసు గుర్తొచ్చి నాకు రాత్రిళ్లు నిద్రపట్టలేదు.

అందుకే నీ మొదటి హామీ ఇలా ఉండాలి: చివరి కుళాయిలో క్రిములను చంపే క్లోరిన్ ఉన్న నీళ్లు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. దాన్ని చూడటానికి క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులోని గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, నాలుగైదు చుక్కల మందు వేసి కదిపితే నీళ్లు లేత పసుపుకు తిరుగుతాయి. ఆ రంగును పక్కనున్న రంగులతో పోల్చి చూస్తాం. రంగు మారలేదంటే క్లోరిన్ లేదన్నమాట. మందు చేతికి తగలనీయకు, పరీక్ష చేసిన నీళ్లను పారబోయి. వారానికోసారి నాలుగు వీధుల చివరి ఇళ్లలో ఈ పరీక్ష చేసి, తేదీతో సహా పుస్తకంలో రాసుకో. అధికారికి "నీళ్లు బాగాలేవు" అని చెబితే తల ఊపి ఊరుకుంటారు. ఎనిమిది వారాల లెక్క ముందు పెడితే ఊరుకోలేరు.

మన నీళ్లు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ నుంచి వస్తాయని నీకు తెలుసు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అంతకు ముందే మంచినీటి చెరువు నిండాలి. ఫిబ్రవరి సమావేశంలోనే లేచి, చెరువులో ఎన్ని అడుగుల నీరుందో, ఎన్ని రోజులకు సరిపోతుందో అడుగు. మే నెలలో ట్యాంకర్ల కోసం అరవడం కంటే ఈ ఒక్క ప్రశ్న వల్ల మేలు ఎక్కువ.

రెండోది మురుగు కాలువలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అంతటి వరదను ఆపడం ఏ వార్డు సభ్యురాలి వల్లా కాదు. కానీ గంట వానకే మన బజారులో మోకాటి లోతు నీళ్లు నిలవడం మాత్రం మన చేతకానితనమే. పూడిక తీసే పనిని దగ్గర నిలబడి చూడు. కాలువలోంచి తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోసి వెళ్లిపోతారు. నాలుగు రోజుల్లో జల్లు పడితే అదంతా మళ్లీ కాలువలోకే జారుతుంది. బిల్లు మాత్రం పూర్తిగా చెల్లిస్తారు. తీసిన పూడికను రెండు రోజుల్లో ట్రాక్టరు ఎత్తాకే బిల్లు పెట్టాలని పట్టుబట్టు. కాలువ మీదికి మెట్లు, ర్యాంపులు కట్టుకున్నవాళ్లలో మన బంధువులూ ఉన్నారు. ముందు వాళ్లవే తీయించు. లేకపోతే ఇంకెవరి దగ్గరా నీ మాట చెల్లదు.

సిమెంటు రోడ్డు వేయిస్తానని పత్రంలో మూడుచోట్ల రాశావు. వేయించు, కానీ పాత రోడ్డును తవ్వకుండా దాని మీద కొత్తది పోయనివ్వకు. మా పాత ఇంటి గడపకు ఒకప్పుడు మూడు మెట్లు ఉండేవి. ఒకదాని మీద ఒకటి రోడ్లు వేసి చివరికి వీధే ఎత్తయింది, గడప పల్లమైంది. అప్పటి నుంచి ప్రతి వానకూ నీళ్లు నట్టింట్లోకే.

మూడోది పారిశుధ్య కార్మికులు. ఉదయం ఐదింటికి మస్టరు, అంటే హాజరు, వేసే చోటికి వెళ్లు. వారానికి ఒక్కరోజైనా చాలు. ఎంతమంది పేర్లు రాస్తున్నారో, ఎంతమంది నిలబడి ఉన్నారో నీకే తెలుస్తుంది. చేతులకు తొడుగులు ఉన్నాయా, జీతం ఏ తేదీన పడింది అని అడుగు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని ఇల్లిల్లూ తిరిగి చెబుతాం, బాగానే ఉంది. కానీ వేరు చేసి ఇచ్చిన రెండింటినీ బండిలో ఒకే డబ్బాలో కలిపేస్తే మర్నాటి నుంచి ఏ ఇల్లాలూ వేరు చేయదు. ముందు బండి మార్చు.

నాలుగోది డబ్బు. పన్ను సగానికి తగ్గిస్తానన్న మాట కొట్టివేయి. 2021 నుంచి ఆస్తిపన్నును మూలధన విలువను, అంటే స్థలం, కట్టడం ఖరీదును బట్టి లెక్కిస్తున్నారు. ఆ విధానం శాసనసభ చేసిన చట్టంతో వచ్చింది, నువ్వు మార్చలేవు. పన్నుల చిట్టా మాత్రం అడిగి చూడగలవు. మూడంతస్తుల భవనానికి ఒక అంతస్తు లెక్కే ఉంటుంది. ఖాళీ స్థలాలు చాలావరకు చిట్టాలోనే ఉండవు. పెంకుటిల్లు ముసలమ్మ మాత్రం ఏప్రిల్‌లోనే వచ్చి, ఏడాది పన్ను ఒకేసారి కట్టి ఐదు శాతం రాయితీ తీసుకుని వెళుతుంది. ఈ అన్యాయం సరిచేస్తే ఎవరి పన్నూ పెంచకుండానే ఆదాయం పెరుగుతుంది.

పన్ను విషయంలో మన ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోవే. రెండు గ్రామాలనూ కలిపి పురపాలక సంఘం చేసి పన్నులు విపరీతంగా పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాదిమంది ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పన్ను కట్టనని జైలుకు వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. జనం రూపాయి ఇవ్వడానికి వెనుకాడరు, ఆ రూపాయి ఏమైందో చెప్పకపోతేనే తిరగబడతారు. ఆరు నెలలకోసారి వార్డు కార్యాలయం గోడ మీద, మన వార్డు నుంచి ఎంత వసూలైంది, మన వార్డుకు ఎంత ఖర్చయింది అని పెద్ద అక్షరాలతో రాయించు. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల లెక్క విడిగా అడుగు. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం మనలాంటి పట్టణాలకు ఇచ్చిన దానిలో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. ఆ డబ్బు వేరే పనులకు మళ్లిందా అన్నది అడగడానికి నీకు పూర్తి హక్కు ఉంది.

ఇక సమావేశం మాట. అజెండా ముందుగా చేతికి వస్తుంది. రాత్రి కూర్చుని చదువు, అర్థం కాని అంశం కింద గీత గీసుకో. అసలు జాగ్రత్త పడాల్సింది టేబుల్ అజెండాతో. సమావేశం ముగుస్తుండగా, అందరూ భోజనానికి లేచే వేళకు నాలుగైదు కాగితాలు పంచుతారు. చదివే వ్యవధి ఇవ్వరు. "ఈ అంశం వచ్చే సమావేశానికి వాయిదా వేయండి, లేకపోతే నా అసమ్మతి నమోదు చేయండి" అని లేచి చెప్పు. గొంతు వణికినా ఫరవాలేదు. మొదటిసారి నాకూ వణికింది. సమావేశంలో జరిగినది రాసే మినిట్స్ పుస్తకంలో ఆ మాట రాశారో లేదో చూసుకున్నాకే బయటికి రా.

అల్లుడు మంచివాడే, నీ వెనుక కొండలా నిలబడతాడు. అయినా సమావేశానికి, అధికారుల గదికి నువ్వే వెళ్లాలి. ఫోను నీ దగ్గరే ఉండాలి. ఇప్పుడు మన రాష్ట్రం పురపాలక సంఘాల్లో సగం స్థానాలు మహిళలవి. ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటే ఆ సగానికి అర్థం లేదు. ఈ సంగతి మొదటిరోజే ఇద్దరూ మాట్లాడుకోండి, ప్రేమగానే.

ఓటుకు డబ్బు పంచమని నీ చుట్టూ ఉన్నవాళ్లు ఒత్తిడి చేస్తారు. పంచిన డబ్బు తిరిగి రాబట్టుకోవాలంటే నీకు దొరికేది పూడిక బిల్లు, గొట్టాల బిల్లు మాత్రమే. అంటే ఆ చివరి ఇంటి గ్లాసులోంచే తీసుకోవాలి. ఓడినా సరే, ఆ పని చేయకు.

ఆదివారం ఉదయం బస్సుకు రా. నా పాత పుస్తకాలు, నాలుగేళ్ల లెక్కలు అట్టపెట్టెలో సర్ది ఉంచాను. క్లోరోస్కోప్ కూడా అందులోనే ఉంది, గాజు గొట్టాలు రెండూ బాగానే ఉన్నాయి. మందు సీసా మాత్రం పాతబడింది, కొత్తది కొనుక్కోవాలి. వచ్చేటప్పుడు మన వార్డు చివరి ఇంటి కుళాయి నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టుకుని రా. రంగు, వాసన ఎలా ఉన్నాయో ఇద్దరం కలిసి చూద్దాం. క్లోరిన్ సంగతి మాత్రం తర్వాత ఆ కుళాయి దగ్గరే పరీక్షించాలి, సీసాలో దారి పొడవునా అది తగ్గిపోతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ