ఫ్యాక్టరీ యజమానిని ఏమి అడగాలి?

బడి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి జవాబులు

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. నేను బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలిని. గ్రానైట్ కటింగ్ ఫ్యాక్టరీ యజమాని ఒకరు "బడికి ఏమి కావాలో అడగండి, చేస్తాను" అన్నారు. కమిటీలో కొందరు పెద్ద గేటు అంటున్నారు, కొందరు రంగులు వేయించమంటున్నారు. నాకు రెండూ నచ్చలేదు. ఏమి అడగమంటారు?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: గేటు అడగకండమ్మా. రంగులు కూడా వద్దు. 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలైన, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు–నేడు పథకం పనుల్లో ప్రహరీ, మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, రంగులు అన్నీ ఉండేవి. అంటే ఇవి తన బాధ్యతేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నవాటిని అధికారుల దగ్గర గట్టిగా అడిగి తెచ్చుకోవాలి గానీ దాత ముందు చేయి చాచడం దేనికి?

ఫ్యాక్టరీలో ఉన్నది, ప్రభుత్వం పంపలేనిది ఒకటుంది. అక్కడ పనిచేసేవాళ్ళ పనితనం. దాన్ని అడగండి.

నేను పనిచేసిన ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు కొన్ని శనివారాలు మధ్యాహ్నం ఒక కటింగ్ మేస్త్రి వచ్చేవారు. వస్తూ వస్తూ విరిగిన స్లాబు ముక్కలు నాలుగు తెచ్చేవారు. తొమ్మిదో తరగతి పిల్లలను ఆయన అడిగిన మొదటి లెక్క ఇది: "ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న బ్లాకును 20 మిల్లీమీటర్ల మందంతో కోస్తే ఎన్ని స్లాబులు వస్తాయి?" తరగతి మొత్తం 50 అని అరిచింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "మా దగ్గర ఎప్పుడూ అన్ని రావు. ఎందుకో చెప్పండి." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి "రంపం కూడా కొంత రాయిని తింటుంది కదండీ" అంది. ఆ అమ్మాయి నాన్న అదే పనిలో ఉన్నాడు. రంపం ఒక్కో కోతకు 5 మిల్లీమీటర్లు తింటుందనుకుంటే 40 స్లాబులే వస్తాయి. మిగిలిన రాయి పొడిగా, బురదగా పోతుంది. ఆ బురద ఎక్కడికి పోతుందని ఇంకొకడు అడిగాడు. ఆ ప్రశ్నతో మరో రెండు వారాల పాఠం నడిచింది.

అలాగే మన చీమకుర్తిలో తవ్వే నల్లటి గెలాక్సీ రాయి. దాన్ని అందరం గ్రానైట్ అనే పిలుస్తాం, కానీ భూగర్భ శాస్త్రం దాన్ని గాబ్రో జాతి రాయిగా లెక్కిస్తుంది. అందులో మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. ప్రపంచమంతా కొనుక్కుపోయే ఈ రాయి గురించి దాని పక్కనే పుట్టిన పిల్లలకు తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి యజమానికి ఇలా చెప్పండి: నెలకు రెండు పూటలు ఒక మేస్త్రినో, మెషీన్ ఆపరేటరునో, లెక్కలు చూసే గుమస్తానో బడికి పంపండి, ఆ పూట వాళ్ళ కూలి కోయకండి. ఈ రెండో మాట మరచిపోవద్దు. జాతీయ విద్యా విధానం 2020లోనే 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలని ఉంది. హెడ్మాస్టరు గారు సందేహిస్తే ఆ మాట గుర్తుచేయండి. పిల్లలను మాత్రం కోత షెడ్డులోకి పంపవద్దు. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మేస్త్రే బడికి రావాలి.

ముందు కమిటీలో తీర్మానం రాయండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని కూడా చట్టం ఆ కమిటీకే అప్పగించింది. ఆ ప్రణాళికలో ఈ పనిని చేర్చండి. రేపు యజమాని మారినా, హెడ్మాస్టరు బదిలీ అయినా కాగితం మిగులుతుంది.

కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలనే సీఎస్ఆర్ నిబంధన పేరు చెప్పి చిన్న ఫ్యాక్టరీలను నిలదీయవద్దు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు, వీటిలో ఏ ఒక్కటైనా అంతకు తగ్గకుండా ఉన్న కంపెనీలకే ఆ నిబంధన వర్తిస్తుంది. సైన్సు ల్యాబు వంటి పెద్ద ఖర్చుకు జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, తవ్వకాల వల్ల నష్టపోయే ప్రాంతాల కోసమే దాన్ని పెట్టారు. దాని ప్రాధాన్యాల్లో విద్య ఉంది. కలెక్టరు గారికి అర్జీ పెట్టండి. అది మీ ఊరికి రావలసిన డబ్బు.

ప్రశ్న: మా దగ్గర ఫ్యాక్టరీలు లేవు, ఎటు చూసినా రొయ్యల చెరువులే. మా బడికి ఎవరు తోడొస్తారు?
– సైన్సు ఉపాధ్యాయుడు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: చెరువుకు మించిన ల్యాబు ఏముంది మాస్టారూ! నీటి పరీక్షలు చేసే టెక్నీషియన్‌ను కిట్‌తో సహా ఒక పూట పిలవండి. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామునే ఎందుకు అడుగంటుతుందో పిల్లలతో చెప్పించండి. పగలు నీటిలోని నాచు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. రైతు తెల్లవార్లూ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండు పాఠాలూ ఈ ఒక్క ప్రశ్నలో వచ్చేస్తాయి. నీటి నమూనాలు సీసాల్లో బడికే తెప్పించండి. కరెంటు ఏరేటర్లు తిరిగే గట్ల మీదికి పిల్లలను పంపవద్దు.

ప్రశ్న: మా బడికి కంప్యూటర్లు ఇస్తానన్న దుకాణదారు గోడ మీద తన దుకాణం ప్రకటన, పిల్లల ఫొటోలతో కరపత్రం అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?
– కమిటీ అధ్యక్షుడు, కావలి

జవాబు: వద్దు. గది తలుపు పక్కన దాత పేరుతో చిన్న ఫలకం పెట్టండి, అది మర్యాద. సరుకుల ప్రకటనకు బడి గోడ ఇవ్వకూడదు. పిల్లల ముఖాలు వ్యాపారానికి అసలే ఇవ్వకూడదు. కంప్యూటర్లు తీసుకునే ముందు రెండు విషయాలు రాయించుకోండి: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎంతకాలం చేస్తారు. వచ్చిన రోజే స్టాకు రిజిస్టరులో ఎక్కించి, దాతకు రసీదు ఇవ్వండి. ఆయన ఈ షరతులకు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. కావలిలో ఇంకా దుకాణాలున్నాయి.