జిరాక్స్ షాపు సినిమాకు లింకు డాక్యుమెంట్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు తీసి పంపిన సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి మధ్యాహ్నం పూట, మామూలుగా. రెండోసారి రాత్రి, లైట్లు ఆర్పేసి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని. మొదటిసారి నీకు రాయడం వచ్చని తెలిసింది. రెండోసారి నీ దగ్గర డబ్బు లేదని తెలిసింది.

మంచి మాట ముందు చెబుతాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు, సగం దించిన షట్టర్, పాత దస్తావేజు పట్టుకుని వంగి లోపలికొచ్చిన మనిషి. ఐదు కాపీలు కావాలంటాడు. మూడో పేజీలో షాపు కుర్రాడికి చనిపోయిన తన తండ్రి సంతకం కనబడుతుంది. తారీఖు చూస్తే తండ్రి పోయిన ఎనిమిది నెలలకు చేసిన సంతకం అది. ఆ తర్వాత నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు. మిషను మూత కింది నుంచి పచ్చటి వెలుగు అతని ముఖం మీద ఎడమ నుంచి కుడికి పాకుతుంది, ఐదుసార్లు. ఐదో కాపీ బయటికొచ్చేసరికి అతను ఇంకో మనిషి. నేనైతే అక్కడ ఒక పేజీ సంభాషణ రాసి పాడుచేసేవాణ్ని.

ఇక నీ ఉత్తరంలోని ప్రశ్నలు. నిర్మాత ఎలా దొరుకుతాడు, పంపిణీదారు ఎలా దొరుకుతాడు అని అడిగావు. అంతకంటే ముందు నేనొకటి అడుగుతాను. ఈ సినిమా ఎవరిది?

నాది అంటావు. కాగితం చూపించగలవా? దొంగ దస్తావేజు మీద తొంభై ఆరు నిమిషాల సినిమా తీశావు గానీ, ఆ సినిమాకు ఒక్క దస్తావేజూ లేదమ్మా.

ఊళ్లో రెండు వందల గజాల స్థలం కొనేవాడు ఏం చేస్తాడో నీకు తెలుసు, ఆ లోకం మీదే కథ రాశావు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వెనక్కి వెళ్లి చూస్తాడు. ఓటీటీ సంస్థ గానీ, శాటిలైట్ హక్కులు కొనే చానల్ గానీ చేసేది అదే పని. కథ రాసిన వ్యక్తి హక్కు నిర్మాతకు రాసిచ్చాడా, నటీనటులు సంతకాలు చేశారా, సంగీతం చేసిన కుర్రాడు, కెమెరా పట్టిన కుర్రాడు, ఎడిటింగ్ చేసినవాడు, షాపు ఇచ్చిన యజమాని, అందరి కాగితాలూ వరుసగా ఉన్నాయా అని వాళ్ల లాయరు చూస్తాడు. ఒక్కటి లేకపోయినా ఫైలు పక్కన పెడతారు. సినిమా బాగుందా లేదా అన్న ప్రశ్న దాకా చాలా చిన్న సినిమాలు రానే రావు.

అన్నిటికంటే ముందు మీ కాలేజీ. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో వెతుకు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థుల డిప్లొమా చిత్రాల మీద హక్కులు సంస్థవే. మీ దగ్గర ఏ నియమం ఉందో నీకు తెలియాలి. కాలేజీ కెమెరా వాడావు, కాలేజీ ఎడిట్ సూట్‌లో కూర్చున్నావు. అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లేఖ తెచ్చుకో. ఇప్పుడైతే నవ్వుతూ ఇస్తారు. రేపు సినిమా అమ్ముడవుతోందని తెలిస్తే ఫైలు కమిటీకి వెళుతుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద నేను రాసిన ఒక చిన్న సినిమాలో టీ కొట్టు సన్నివేశం ఉంది. వెనక రేడియోలో పాత పాట వస్తుంటుంది. లొకేషన్‌లో నిజంగానే వస్తోంది, సహజంగా ఉందని మేమంతా మురిసిపోయాం. కొనడానికి వచ్చినవాళ్లు పాటకు అనుమతి ఏదని అడిగారు. ఆడియో కంపెనీని కలిస్తే, వాళ్లు చెప్పిన ధర మా నాలుగు రోజుల షూటింగ్ ఖర్చు కంటే ఎక్కువ. పోనీ పాట తీసేద్దామంటే పాటా మాటా ఒకే ట్రాక్ మీద కలిసిపోయాయి. నటుడేమో అప్పటికే దుబాయ్ వెళ్లిపోయాడు. వేరే ఆయనతో డబ్బింగ్ చెప్పించాం. సినిమా అంతా ఒక గొంతుతో మాట్లాడిన మనిషి ఆ టీ కొట్టు దగ్గర మాత్రం ఇంకో గొంతుతో మాట్లాడతాడు. ఇప్పటికీ టీవీలో ఆ సన్నివేశం వస్తే నేను లేచి వంటింట్లోకి వెళతాను. నీ సినిమాలో ముప్పై నాలుగో నిమిషంలో ఆటో వెళుతున్నప్పుడు వినిపించే పాట ఉంది చూశావా, దాన్ని ఈ వారమే తీసెయ్.

ఇరవై ఎనిమిదో నిమిషంలో షాపు మెట్ల మీద కుక్క పడుకుని ఉంటుంది. బాగుంది. కానీ కుర్రాడు పిలవగానే అది లేచి వస్తుంది, అంటే బిస్కెట్ వేసి రప్పించారని సెన్సార్ వాళ్లకు అర్థమవుతుంది. జంతువుతో నటింపజేస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. కుక్క వల్ల కథకు ఒరిగిందేమీ లేదు. కత్తిరించు.

డబ్బు గురించి. అమ్మగారు చీటీ ఎత్తి ఇచ్చిన నాలుగు లక్షలు, ముగ్గురు మిత్రులు వేసిన ఐదు లక్షలు అయిపోయాయన్నావు. సౌండుకు, కలర్‌కు, సెన్సార్‌కు ఇంకో ఆరు కావాలన్నావు. ఆ మిత్రులు ఇచ్చింది అప్పా, వాటానా? వాళ్లను అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారని పందెం. సినిమా పోతే ఎవరికీ గుర్తుండదు. నాలుగు రూపాయలు వస్తే అందరికీ అన్నీ గుర్తుకొస్తాయి. అందుకే ఎవరిది ఎంత శాతం, మొదటి రూపాయి ఎవరికి వెళ్లాలి, నిర్ణయం ఎవరిది అనేవి ఇప్పుడే స్టాంపు పేపరు మీద రాసుకోండి. అమ్మగారి డబ్బు కూడా అందులో రాయి. ఆవిడ వద్దంటారు, అయినా రాయి.

నీకు కావలసింది నిర్మాత కాదు, సినిమాను పూర్తి చేయించే భాగస్వామి. ఈ తేడా తెలియకపోతే వెళ్లకూడని ఆఫీసుల చుట్టూ తిరుగుతావు. పెద్ద హీరోల సినిమాలు తీసే బ్యానర్ గుమ్మంలో రోజంతా కూర్చున్నా లాభం లేదు. గత రెండేళ్లలో వచ్చిన చిన్న తెలుగు సినిమాలు చూసి, చివర్లో పరుగెత్తే పేర్ల దగ్గర ఆపు. సౌండు ఎక్కడ చేశారు, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ ఎవరు, సమర్పణ ఎవరిది? నువ్వు కలవాల్సినవాళ్లు ఆ పేర్లలో ఉంటారు. కొన్ని సౌండు స్టూడియోలు ఖాళీ రోజుల్లో సగం డబ్బు, సగం వాటా పద్ధతి మీద పని చేస్తాయి. అడగడానికి మొహమాటపడకు.

వెళ్లినప్పుడు సినిమా మొత్తం చూపించకు. ఆ జిరాక్స్ మిషను సన్నివేశం ఒక్కటి, రెండు నిమిషాలు, మంచి స్పీకర్ల మీద చూపించు. చేతిలో రెండు పేజీల కాగితం ఉండాలి. మొదటి పేజీలో కథ, ముగింపుతో సహా. ముగింపు దాచిపెట్టి ఊరించడం ప్రేక్షకుడి దగ్గర చెల్లుతుంది, డబ్బు పెట్టేవాడి దగ్గర చెల్లదు. రెండో పేజీలో ఇప్పటిదాకా అయిన ఖర్చు, ఇక కావలసింది, హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి. ఆ రెండో పేజీ చూసే నిన్ను లోపల కూర్చోబెడతారు.

పదిమంది దగ్గర తలా కొంచెం పోగు చేద్దామా అని రాశావు. 2013లో కన్నడంలో పవన్ కుమార్ 'లూసియా' అలాగే తీశారు. వంద మందికి పైగా జనం డబ్బు పెట్టారు, లండన్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రేక్షకుల బహుమతి కూడా వచ్చింది. కానీ అప్పటికే ఆయనకు ఒక సినిమా విడుదలై పేరుంది, ఆయన రాతలు చదివే జనం ఉన్నారు. నీకు ఆ జనం ఇంకా లేరు. నీకు దగ్గరి ఉదాహరణ 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'. దర్శకుడు వెంకటేష్ మహాకు అది మొదటి సినిమా, తెర మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె వైద్యురాలు. సినిమా పూర్తయ్యాక రానా చూశారు, సురేష్ ప్రొడక్షన్స్ సమర్పణతో హాళ్లకు వచ్చింది. వరుస గమనించు. ముందు బయటి మనిషి డబ్బు, తర్వాత పూర్తయిన సినిమా, ఆ తర్వాతే పెద్ద పేరు. నువ్వు పెద్ద పేరుతో మొదలుపెట్టాలని చూస్తున్నావు.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. డబ్బిస్తాను, మా అబ్బాయికి పోలీసు వేషం ఇవ్వు అనేవాడు వస్తాడు. తప్పకుండా వస్తాడు. నీ సినిమాలో పోలీసు లేడు, అదే దాని బలం.

ఇప్పుడు విడుదల. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల లెక్క వినే ఉంటావు. పెద్ద సినిమాను ఏరియా ఏరియాకీ కొంటారు, లేదా అడ్వాన్స్ ఇచ్చి తీసుకుంటారు. నీలాంటి సినిమాను ఎవరూ కొనరు. కమీషన్ మీద ఆడిస్తారు, అంతే. ఖర్చు నీది, నష్టం నీది, హాళ్లు సంపాదించే పరిచయం పంపిణీదారుది.

ఆ ఖర్చు ఎంతో వేలు పెట్టి చూపిస్తాను. మన దగ్గర సింగిల్ స్క్రీన్లు చాలా వరకు అద్దె పద్ధతి మీద నడుస్తున్నాయి. మాకూ వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండని 2025లో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, మూసేస్తామనే దాకా వెళ్లారు. ఒక హాలు అద్దె వారానికి మూడు లక్షలు అనుకుందాం. టికెట్ వంద రూపాయలు. 2025 సెప్టెంబరు నుంచి వంద రూపాయల దాకా ఉన్న టికెట్ మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి నీకు మిగిలేది 95 రూపాయల చిల్లర. వారానికి 28 ఆటలు. అద్దె కట్టడానికే 3,150 టికెట్లు తెగాలి, అంటే ఆటకు 113 మంది. మంగళవారం ఉదయం ఆటకు కూడా 113 మంది. ఆ పైన క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ సంస్థలకు కట్టే వీపీఎఫ్, అంటే హాలులో సినిమాను డిజిటల్‌గా ఆడించినందుకు రుసుము, ఉంది. దాని మీదే 2018 మార్చిలో దక్షిణాదిలో హాళ్లు మూతపడ్డాయి. పోస్టర్లు, ప్రచారం, కమీషన్ ఇంకా లెక్కలోకే రాలేదు.

అందుకని యాభై హాళ్లు ఇప్పిస్తానన్నవాడి మాటకు పొంగిపోకు. ఎనిమిది చాలు. హైదరాబాద్‌లో నాలుగు మల్టీప్లెక్సు తెరలు, అక్కడ అద్దె బదులు వాటా పద్ధతి ఉంటుంది కాబట్టి ఖాళీ కుర్చీ నిన్ను అంతగా ముంచదు. వరంగల్, విజయవాడ, విశాఖ, తిరుపతిలో ఒక్కొక్కటి. రోజుకు ఒకటో రెండో ఆటలు, సాయంత్రానివే అడుగు. పంపిణీ ఒప్పందంలో ప్రచార ఖర్చు ఇంతకు మించకూడదని అంకె రాయించు. అంకె లేకపోతే, సినిమా ఆడినా ఆడకపోయినా లెక్కల పుస్తకంలో పోస్టర్లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

సెన్సార్‌కు భయపడనక్కర్లేదు. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించిన తర్వాత యూఏ సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్లకు మూడు మెట్లు వచ్చాయి. ఉరి సన్నివేశం నీడలోనే చూపించావు కాబట్టి యూఏ 16 ప్లస్ వస్తుందని నా అంచనా. టైటిల్ మాత్రం ఫిలిం చాంబర్‌లో వాకబు చెయ్యి. నువ్వు పెట్టిన పేరు ఇంకెవరో ఇప్పటికే రిజిస్టర్ చేయించుకుని ఉండవచ్చు.

ఓటీటీలు ఒకప్పటిలా దొరికిందల్లా కొనడం లేదు. చిన్న సినిమాకు చాలాసార్లు ముందు డబ్బు ఉండదు, జనం చూసిన గంటల లెక్కన ఇస్తారు. ఫరవాలేదు, కానీ ఒప్పందంలో 'అన్ని హక్కులూ, అన్ని భాషలూ, శాశ్వతంగా' అన్న మాట ఉంటే సంతకం చేయకు. థ్రిల్లర్‌లో అసలు బంగారం రీమేక్ హక్కు. చనిపోయినవాడి సంతకం ఏ భాషలోనైనా పనికొస్తుంది. కొత్తవాళ్లు మొదట ఊరికే ఇచ్చేసేది దాన్నే. డిజిటల్ హక్కు ఐదేళ్లకో ఏడేళ్లకో ఇవ్వు, రీమేక్ నీ దగ్గరే ఉంచుకో. యూట్యూబ్‌లో పెట్టేద్దామని మీ కెమెరామన్ తొందరపడుతున్నాడట, ఆపు. ముందు చిత్రోత్సవాలు. గోవాలో నవంబరులో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్ జరుగుతుంది, 2025 నుంచి దాని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్, అక్కడ వ్యూయింగ్ రూమ్‌లో పెడితే కొనేవాళ్లు, ఫెస్టివల్ వాళ్లు తీరుబడిగా చూస్తారు. బయట అందరూ చూసేసిన సినిమాను వాళ్లు ముట్టుకోరు.

ఇక సౌండు. ఆరు లక్షల్లో దేనికి ఎంత అని అడిగావు. సగానికి పైగా సౌండుకే పెట్టు. బొమ్మ కాస్త చీకటిగా ఉంటే థ్రిల్లర్ కదా అని సరిపెట్టుకుంటారు. మాట వినబడకపోతే లేచిపోతారు. నీ షాపు సన్నివేశాలన్నింటిలో పక్క కూల్‌డ్రింక్ దుకాణం ఫ్రిజ్ గుర్రుమంటోంది. షాట్ మారినప్పుడల్లా ఆ గుర్రు తెగి మళ్లీ మొదలవుతుంది. కుర్రాడు సంతకం చూసే క్షణంలో నాకు మిషను చప్పుడు, అతని ఊపిరి మాత్రమే కావాలి. మిక్సింగ్ చేయించినప్పుడు మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ విడిగా తీయించుకో. డబ్బింగ్ హక్కులు అడిగేవాడు మొదట అదే అడుగుతాడు.

రచన గురించి ఒకటే మాట. ఎనభై ఒకటో నిమిషంలో మేనమామ ఫోనులో జరిగిందంతా వివరిస్తాడు. అది నీ కథ మీద నీకే నమ్మకం లేక రాసిన సన్నివేశం. తీసేసి చూడు, ఏమీ పోదు.

వచ్చే ఆదివారం ఉదయం పదింటికి ఇంటికి రా. ఒక ఫైలు కొని, ఉన్న కాగితాలన్నీ వరుసగా పెట్టుకుని తీసుకురా, లేనివాటి దగ్గర తెల్ల కాగితం పెట్టు. మీ పిన్నిగారు పెసరట్లు వేస్తారు.

అన్నట్టు, దస్తావేజు మూడో పేజీని దగ్గరగా చూపించావు కదా, ఆ సంతకం ఎవరిది? కథ కోసం గీసిన గీతలా లేదు, బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి చేసి అలవాటైన చేతిలా ఉంది. మీ నాన్నగారిదే అయితే, ఆయన దగ్గర కూడా ఒక అంగీకార పత్రం రాయించుకుని రా.

ఇట్లు,
నీ మేలు కోరే
పాత రచయిత