ట్రేలు ఆ గదిలో ఉండవు, అమ్మాయ్

అమ్మాయ్,

నీ అత్తింటి కథ రాతప్రతి రెండుసార్లు చదివాను. ఉల్లిపాయ చక్రాల్లా తరిగే పేరా బావుంది. పద్దెనిమిదో పేజీ దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేశాను.

అమెరికాలో విస్కాన్సిన్‌లోని మన్రోలో, మీ మామగారి తాతగారు లింబర్గర్ అనే ఘాటు వాసన చీజ్ మాగబెట్టే నేలమాళిగ గోడ నిండా బీరు ట్రేలు, అదే బీరు కంపెనీల పేర్లు అచ్చేసిన రేకు పళ్ళేలు, వేలాడదీశావు. ఆ గదిలో తేమ 90 శాతం దాటి ఉంటుంది. రేకు ట్రేకి అంచుల నుంచి తుప్పు లేస్తుంది. పోనీ, గాలి ఆరబెడితే ట్రేలు బతుకుతాయి, చీజ్ పైపొర బీటలు వారుతుంది. ఇంట్లో ఉన్న ఆస్తులు రెండు, ఒకదానికి పడే గాలి ఇంకోదానికి పడదు. కథకి కావలసిన తగువంతా అక్కడే ఉంటే, నువ్వు 'వారసత్వం' అనే మాట పదకొండుసార్లు రాసి ఊరుకున్నావు. పదకొండూ కొట్టెయ్.

పని ఎలా జరుగుతుందో రాయి. దాదాపు 30 డిగ్రీల వెచ్చదనంలో పాలకి తోడు, పాలని గడ్డకట్టించే రెన్నెట్ వేస్తే గడ్డ కడతాయి. ఆ గడ్డని ముక్కలు కోసి, అచ్చుల్లోకి ఎత్తి, తిరగేస్తూ నీరు ఓడనివ్వాలి. ఉప్పు పట్టించి చెక్కబల్లల మీద పేర్చాక, బ్రెవిబాక్టీరియం లినెన్స్ అనే సూక్ష్మజీవి కలిసిన ఉప్పునీళ్ళతో చేత్తో రుద్దాలి. ముందు ఈస్టులు పైనున్న పులుపు తినేస్తాయి. పులుపు విరిగాకే ఆ సూక్ష్మజీవి పుంజుకుని, పైపొర నారింజ రంగుకి తిరుగుతుంది. మనిషి పాదాల కంపు కూడా దీని దగ్గరి చుట్టాల పనే.

నువ్వేమో రెండోరోజు చీజ్‌తోనే వీధంతా గుప్పుమనిపించావు! నెల దాటేదాకా అది ఫెటా అనే గ్రీకు చీజ్‌లా ఉప్పగా, పొడిపొడిగా ఉంటుంది. ఆరు వారాలకి అంచులు మెత్తబడతాయి. మూడు నెలలకి కత్తికి అంటుకునేంత వెన్నలా అవుతుంది, అసలు కంపు అప్పుడు. వాసనతో కథ మొదలుపెట్టడం ఈమధ్య ఫ్యాషన్, అది ఎన్నాళ్ళకి పుడుతుందో ఎవరికీ పట్టదు. సంపాదకులు అసలే అడగరు. వాళ్ళు అడిగేది "చీజ్ మనవాళ్ళకి ఎక్కదు, పనీర్ అని మార్చండి" అని. ఒప్పుకోకు. పనీర్ మాగదు.

ఇక ఆ ట్రే. 1932 నాటి బీరు ట్రే అన్నావు. అమెరికాలో 1920 నుంచి మద్యనిషేధం. 1933 ఏప్రిల్ 7న 3.2 శాతం బీరు తిరిగొచ్చింది. 1932లో ట్రే అచ్చేస్తే దాని మీద ఉండాల్సింది అర శాతం లోపు 'నియర్ బీర్' పేరు. పైగా చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్, అంటే అక్కడి పిన్ కోడ్, పెట్టావు, అది పుట్టింది 1963లో. నీ పాత్ర ఆ ట్రేని పొడివేసి తోముతుంది, రంగు ఊడిపోదూ? గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. వెంటనే ఆరబెట్టాలి.

టావెర్న్, అంటే బీరు కొట్టు, సన్నివేశం దాదాపు కుదిరింది. రై రొట్టె, ఆవాల ముద్ద, పచ్చి ఉల్లి, లింబర్గర్: ఇవి సరే. కానీ తాగే మనిషి శాండ్‌విచ్ కొరుకుతూ తాగుతుంటే నురగ చివరిదాకా చెక్కుచెదరలేదన్నావు. పెదవుల మీది కొవ్వు తగిలిందంటే నురగ విరిగిపోతుంది. గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుంటే సరిగా కడగలేదని అర్థం, కొట్టు యజమాని కళ్ళు ముందు అక్కడికే పోతాయి. హాఫ్ బ్యారెల్ పీపా అంటే సుమారు 59 లీటర్లు, 12 ఔన్సుల గ్లాసులు 165. పీపా వేడెక్కితే నురగై పోయేదెంతో, ఆ లెక్క కొట్టు యజమాని చేత వేయించు. నీ పుస్తకంలో ఆయన ఒక్కసారీ డబ్బు లెక్కపెట్టలేదు.

పబ్లిషర్ ఎవరని అడిగావు. ముందు ఆ ట్రేలు పై గదిలోకి మార్చు.