అడగండి చెబుతా: ఈసారి అవార్డు ఎవరికొస్తుంది?

పోయిన సంచికలో "ఈసారి అవార్డుల గురించి అడగండి" అని ఒక్క లైను రాసినందుకు ఇన్ని ఉత్తరాలా బాబోయ్. సగం ఉత్తరాల్లో ప్రశ్నే లేదు, తిట్లే ఉన్నాయి, ఆ తిట్లు కూడా నాకు కాదు జ్యూరీకి. మిగతావాటిలోంచి కొన్ని ఏరాను. ముందే చెప్తున్నా, నేను జ్యూరీ మెంబర్ని కాదు, లోపలి కబురు నాకెవరూ చెప్పరు. ప్రతి ఏడాదీ ఒక పాత డైరీలో నా లెక్కలు రాసుకుని మా బావతో బిర్యానీ పందెం కాసే మామూలు ప్రేక్షకుణ్ణి.

ప్రశ్న: హనుమాన్ 2024 సంక్రాంతికి కదా రిలీజైంది, మరి 2023 సినిమాల నేషనల్ అవార్డుల్లో ఎలా వచ్చిందండీ? పొరపాటా?
(ఒక డిగ్రీ స్టూడెంట్, భీమవరం)

పొరపాటేం కాదు తమ్ముడూ. నేషనల్ అవార్డులకి రిలీజ్ డేట్ తో పనిలేదు, సెన్సార్ సర్టిఫికెట్ మీద ఏ ఏడాది ఉందో ఆ ఏడాది లెక్క. హనుమాన్ సెన్సార్ 2023 డిసెంబర్ లో అయిపోయింది కాబట్టి 71వ అవార్డుల్లోకి వచ్చి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ సినిమా కింద ఒకటి, ఫైట్లకి ఒకటి తీసుకుంది. ఆర్ఆర్ఆర్ కూడా అంతే, మనమంతా 2022 మార్చిలో చూశాం, అవార్డులేమో 2021 లెక్కలో వచ్చాయి. అంతెందుకు శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో రిలీజైతే నేషనల్ అవార్డులు 1979 సినిమాల కింద ఇచ్చారు, మహదేవన్ గారికి, బాలుగారికి, వాణీ జయరాం గారికి అన్నీ ఆ లెక్కలోనే. ఇది తెలీక చాలామంది ప్రిడిక్షన్ మొదట్లోనే బోల్తా పడతారు. మలయాళం ఆడుజీవితం చూడండి, 2024 మార్చిలో వచ్చింది కదా ఇంకా టైముందిలే అని జనం అనుకుంటుంటే అది 71లోనే పోటీ పడి ఒక్క అవార్డు కూడా లేకుండా ఇంటికెళ్లిపోయింది. నేనూ దాన్ని ఈసారి లిస్టులో రాసుకుని ఉన్నా, కొట్టేశా.

ప్రశ్న: బలగం లాంటి సినిమా ఉండగా బెస్ట్ తెలుగు ఫిల్మ్ భగవంత్ కేసరికి ఇవ్వడం ఏం న్యాయం సార్? మా ఊళ్లో బలగం తెర కట్టి వేస్తే ఊరంతా ఏడ్చింది.
(ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా)

న్యాయం సంగతి అడిగితే నా ఓటు కూడా బలగానికే. కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ ఎలా వణికిపోతారో, పదకొండో రోజు దాకా పాత పగలు ఎలా పైకొస్తాయో అంత సహజంగా తీసిన సినిమా మనకి ఈమధ్య లేదు. కానీ మీరడిగింది న్యాయం, అవార్డు నడిచేది వేరే దారిలో. మొదట రీజనల్ ప్యానెల్స్ చూస్తాయి (మొత్తం ఐదు, సౌత్ కే రెండు), అక్కణ్ణించి వడపోసినవి సెంట్రల్ జ్యూరీకి వెళ్తాయి, అక్కడ కూర్చునేవాళ్లలో ఎక్కువమందికి మన భాష రాదు, సబ్ టైటిల్స్ చదువుతూ రోజుకి మూడో నాలుగో సినిమాలు చూస్తారు. అలాంటి చోట "ఆడపిల్లని పులిలా పెంచాలి" అని గట్టిగా, ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పిన సినిమాకి పని ఈజీ. బలగంలో తోబుట్టువుల అలక, నల్లి బొక్క దగ్గర మొదలైన గొడవ, ఆ యాసలోని వెటకారం సబ్ టైటిల్ లో ఎంత దిగుతుంది చెప్పండి? ఇది నా ఊహే, లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. అయితే బలగం ఖాళీ చేతుల్తో రాలేదు, "ఊరు పల్లెటూరు" పాటకి కాసర్ల శ్యామ్ కి బెస్ట్ లిరిక్స్ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే గద్దర్ అవార్డుల్లో 2023కి ఫస్ట్ బెస్ట్ ఫిల్మ్ కూడా బలగమే. భాష తెలిసినవాళ్లు కూర్చున్న చోట అది గెలిచింది, గమనించారా.

నా డైరీలో మొదటి పేజీలోనే ఒక మాట రాసుంటుంది, సినిమాని చూసి పందెం కట్టకు, చూసేవాళ్లని చూసి కట్టు అని. అది రాసింది బిర్యానీ ఓడిపోయిన రోజున. ఆ కథ చివర్లో చెప్తా.

ప్రశ్న: ఓజీకి నేషనల్ అవార్డు వస్తుందా అన్నా? స్ట్రెయిట్ గా చెప్పు.
(పవర్ స్టార్ భక్తుడు, కర్నూలు)

ఫస్ట్ డే ఫస్ట్ షోలో నువ్వు వేసిన విజిలే దానికి అవార్డు. తమన్ బ్యాక్ గ్రౌండ్ స్కోర్ కి మాత్రం ఒక చిన్న గీత గీసి ఉంచా, అంతకుమించి అడగొద్దు.

ప్రశ్న: నేను స్కూల్లో లెక్కల టీచర్ని. 35 చిన్న కథ కాదు సినిమా మా స్టాఫ్ రూమ్ అంతా కలిసి చూశాం. నివేదా థామస్ కి నేషనల్ అవార్డు వచ్చే ఛాన్సుందా? మా ఊరి సినిమా కాబట్టి అడుగుతున్నా.
(ఒక పాఠకురాలు, తిరుపతి)

టీచర్ గారూ, ఈ ఉత్తరాల కట్టలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే. 2024 సినిమాలకి ఇచ్చే 72వ అవార్డుల గురించి కదా, నా డైరీలో ఉత్తమ నటి గడిలో రెండే పేర్లున్నాయి, అమరన్ లో సాయిపల్లవి, 35లో నివేదా థామస్. మనసేమో నివేదా అంటోంది. పదో తరగతి ఫెయిలైన తల్లి, సున్నాకి విలువ లేనప్పుడు పక్కన ఒకటి పెడితే పది ఎందుకవుతుంది అని మొండికేసే కొడుకు, వాడికి చెప్పడానికి తను మళ్లీ లెక్కలు మొదట్నుంచి నేర్చుకోవడం, ఇదంతా ఆవిడ ఎక్కడా గొంతు పెంచకుండా చేసింది. వయసుకి మించిన పాత్ర, ఇద్దరు పిల్లల తల్లి, మన దగ్గర హీరోయిన్లు ఒప్పుకోవడమే కష్టం. గద్దర్ వాళ్లు ఇప్పటికే 2024 ఉత్తమ నటి ఆవిడకిచ్చారు, సినిమాకి బాలల చిత్రం అవార్డూ ఇచ్చారు.

ఒక సంగతి చెప్తా, వింటే మీకే తమాషాగా అనిపిస్తుంది. తెలుగు సినిమాలో నటించి నేషనల్ బెస్ట్ యాక్టర్ తెచ్చుకున్న మొదటి హీరో అల్లు అర్జున్, పుష్పకి, 2023లో ప్రకటించారు. నందమూరి, అక్కినేని, ఎస్వీఆర్ అంతటివాళ్లున్న ఇండస్ట్రీలో అన్నేళ్లు పట్టింది. మరి ఆడవాళ్లో? నిమజ్జనంకి శారద, దాసికి అర్చన, కర్తవ్యంకి విజయశాంతి, మహానటికి కీర్తి సురేష్. నలుగురు, మన మొదటి హీరో కంటే ముందే. మన సినిమాల్లో హీరో పోస్టర్ మీద పెద్దగా ఉంటాడు కానీ ఢిల్లీలో గౌరవం నిలబెట్టింది ఆడవాళ్లే, ఈ మాట మీటింగుల్లో ఎవరూ అనరు మరి.

ఇక ఛాన్స్ అంటారా, సాయిపల్లవికి నూటికి యాభై, నివేదాకి ముప్ఫై అని రాసుకున్నా. సైనికుడి భార్య పాత్ర, నిజంగా జరిగిన కథ, చివర్లో ఆ ఏడుపు ఆపుకోవడం, జ్యూరీకి నచ్చే సరుకంతా అందులో ఉంది. నేను తప్పయితే మీకు స్వీట్స్ పంపిస్తా, మీ స్టాఫ్ రూమ్ కి సరిపడా.

ప్రశ్న: మరి బెస్ట్ యాక్టర్? బెస్ట్ తెలుగు ఫిల్మ్? తొందరగా చెప్పండి పందెం వేసుకున్నాం.
(నలుగురు ఫ్రెండ్స్, ఖమ్మం)

యాక్టర్ కి తండ్రీకొడుకుల పోటీ పెట్టా, భ్రమయుగంకి మమ్ముట్టి, లక్కీ భాస్కర్ కి దుల్కర్. తండ్రి వైపే మొగ్గు. ఆ నలుపు తెలుపు సినిమాలో ముసలాయన పళ్లికిలించి నవ్వితే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకి ఇప్పటికే మూడున్నాయి, నాలుగోది ఇస్తారా అన్నదే డౌట్. పుష్ప 2కి బన్నీకి గద్దర్ వచ్చింది కాబట్టి ఇక్కడా వస్తుందని రాసినవాళ్లు చాలామంది, నేను మాత్రం రాయను, అదే పాత్రకి రెండోసారి అంటే జ్యూరీ చెయ్యి అంత సులువుగా లేవదు.

తెలుగు ఫిల్మ్ కి లక్కీ భాస్కర్. బ్యాంకు క్యాషియర్ కథ కాబట్టి బ్యాంకులో పనిచేసే మా బావని తీసుకెళ్లా, ఇంటర్వెల్ దాకా నోరు మెదపలేదు, ఇంటర్వెల్ లో మాత్రం "సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎలా ఉంటుందో ఈ డైరెక్టర్ కి ఎవడో మావాడే చెప్పుంటాడు" అన్నాడు. దానికంటే పెద్ద రివ్యూ ఏముంది. 35కి వస్తే ఇంకా సంతోషం. కమిటీ కుర్రోళ్లుకి వస్తే ఆశ్చర్యపోను, కొత్తవాళ్లంతా కలిసి తీసిన సినిమాల మీద ఈ జ్యూరీలకి కాస్త ప్రేమ ఉంది, కలర్ ఫోటోకి ఇచ్చారు కదా.

ప్రశ్న: 2025 తెలుగు సినిమాల్లో గద్దర్ అవార్డులకి మీ లెక్కేంటి? కుబేరకి ధనుష్ కి ఇవ్వాల్సిందే అని నా వాదన.
(ఒక పాఠకుడు, నల్గొండ)

ధనుష్ చేసింది చిన్న పని కాదు. తిరుపతి మెట్ల దగ్గర అడుక్కునే దేవా పాత్రలో ఒక్క చోట కూడా హీరో కనపడడు, చెత్తకుప్పలో పడుకున్నా, ఆ పెద్ద బిల్డింగుల ముందు నిలబడినా వాడి చూపు ఒకటే. సినిమా మూడు గంటలు, సెకండాఫ్ లో నాకు రెండుసార్లు వాచీ చూడాలనిపించింది, అది వేరే విషయం. కానీ మళ్లీ నా పాత పాటే పాడతా, ఇచ్చేవాళ్లని చూడండి. పోయినసారి దుల్కర్ కి ఏమిచ్చారు? స్పెషల్ జ్యూరీ. మెయిన్ యాక్టర్ అవార్డు మన ఊరి స్టార్ కి. ధనుష్ కి కూడా స్పెషల్ జ్యూరీయే అని నా అంచనా.

కోర్ట్ సినిమాకి మాత్రం కొన్ని ఖాయం అనుకుంటున్నా. మంగపతిగా శివాజీ, సహాయ నటుడు, ఇది పెన్నుతో రాశా, పెన్సిల్ తో కాదు. ఆ మనిషి గుమ్మంలో నిలబడితేనే ఇంట్లో ఆడపిల్లల నడక మారిపోతుంది, అలాంటి మేనమామలు, బాబాయిలు మనందరికీ తెలుసు, అందుకే అంత కోపం వచ్చింది జనాలకి. పోక్సో చట్టం కింద ఇరుక్కున్న పందొమ్మిదేళ్ల కుర్రాడి కథని పెద్ద స్టార్ లేకుండా తీసి ఆడించారు. కొత్త డైరెక్టర్ అవార్డుకి రామ్ జగదీష్ పేరు రాశా. అయితే లిటిల్ హార్ట్స్ అభిమానులు నన్ను కొడతారేమో. బాబూ, ఎంసెట్ లాంగ్ టర్మ్ బ్యాచ్ లో నేనూ ఒక ఏడాది కూర్చున్నా, ఆ హాస్టల్ పప్పు వాసన గుర్తొచ్చి నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి, కాత్యాయని పాట మా ఇంట్లో ఇప్పటికీ ఆగలేదు. కానీ కామెడీకి అవార్డులిచ్చే అలవాటు మన జ్యూరీలకి లేదు, కమెడియన్ అని ఒక గడి పెట్టి పంపించేస్తారు. నవ్వించడం ఏడిపించడం కంటే కష్టం అని అందరూ స్టేజి మీద అంటారు, కవర్ విప్పేటప్పుడు మర్చిపోతారు. మౌళికి ఏదో ఒకటి ఇవ్వకపోతే మాత్రం నేనే ఉత్తరం రాస్తా.

మిరాయ్ కి విజువల్ ఎఫెక్ట్స్. పెద్దగా చెప్పేదేం లేదు.

ప్రశ్న: మా ఆఫీసులో ఆస్కార్ పూల్ పెడతారు, పోయినసారి బ్రూటలిస్ట్ రాసి డబ్బులు పోగొట్టుకున్నా. ఈసారి ఏం రాయాలి? అలాగే మన ఇండియా ఎంట్రీగా వెళ్లిన హోంబౌండ్ కి ఆస్కార్ వస్తుందా?
(ఒక సాఫ్ట్ వేర్ అన్న, డల్లాస్)

మీరు పోగొట్టుకున్నది సినిమా చూసి రాయడం వల్ల. అనోరా ఆ సీజన్లో నిర్మాతల సంఘం అవార్డు, దర్శకుల సంఘం అవార్డు రెండూ కొట్టింది, ఆ సంఘాల్లో ఉన్నవాళ్లలో బోలెడుమంది ఆస్కార్ ఓటర్లే. పైగా బెస్ట్ పిక్చర్ కి ఒక్క టిక్కు పెట్టడం కాదు, నామినేట్ అయిన సినిమాలకి వరసగా ర్యాంకులివ్వాలి. ఎవరికీ సగం దాటకపోతే చివర ఉన్నదాన్ని తీసేసి ఆ ఓట్లు రెండో ర్యాంకు వాటికి పంచుతారు. అంటే కొందరికి ప్రాణం, కొందరికి అసహ్యం అనిపించే సినిమా ఇక్కడ ఓడిపోతుంది, అందరికీ అంతో ఇంతో నచ్చింది గెలుస్తుంది. మన పెళ్లి భోజనాల్లో పప్పు లాగా అన్నమాట. ఈసారి, అంటే 2025 సినిమాలకి, నేను వన్ బ్యాటిల్ ఆఫ్టర్ అనదర్ రాస్తున్నా, దాని డైరెక్టర్ పాల్ థామస్ ఆండర్సన్ కి ఈ సినిమాకి ముందు దాకా 11 నామినేషన్లు, ఒక్కటి కూడా చేతికి రాలేదు, అలాంటి బాకీలు తీర్చడం ఆ ఊరి వాళ్లకి అలవాటు. గట్టి పోటీ సిన్నర్స్ నుంచే. నా వ్యక్తిగత ఓటు సిన్నర్స్ కి, ఆ పాట మధ్యలో కాలాలన్నీ కలిసిపోయే సీను థియేటర్లో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

హోంబౌండ్ హైదరాబాద్ లో చూశా, హాల్లో పట్టుమని పదిహేనుమంది లేరు. మంచి సినిమా. దేశాలు పంపే సినిమాల కేటగిరీలో 15 సినిమాల షార్ట్ లిస్టుకి వెళ్తుంది, చివరి ఐదులో కష్టం అని రాసుకున్నా. మన దేశం నుంచి చివరి ఐదుకి వెళ్లినవి మదర్ ఇండియా, సలామ్ బాంబే, లగాన్, ఈ మూడే. తెలుగు నుంచి ఎంట్రీగా వెళ్లింది విశ్వనాథ్ గారి స్వాతిముత్యం, దానికి నామినేషన్ రాలేదు. మరి నాటు నాటుకి ఎలా వచ్చిందంటారా, అదసలు ఇండియా ఎంట్రీ కాదు, ఆ ఏడాది మనవాళ్లు పంపింది గుజరాతీ ఛెల్లో షో. దేశం పంపే దారి ఒక్క కేటగిరీకే, పాటకీ మిగతా వాటికీ అమెరికా థియేటర్లలో ఆడి నేరుగా పోటీ పడొచ్చు, ఆర్ఆర్ఆర్ వాళ్లు అక్కడ డబ్బు పెట్టి, తిరిగి, షోలు వేసి ఓటర్లకి చూపించారు. పాట గొప్పది కాబట్టి గెలిచింది నిజమే, ఓటరు చూడకపోతే ఎంత గొప్పదైనా ఏం లాభం.

ప్రశ్న: ఇన్ని చెప్తారు, అసలు మీ ప్రిడిక్షన్స్ ఎన్ని నిజమయ్యాయి సార్?
(ఒక పాఠకుడు, విజయనగరం)

ఇదొచ్చిందా చివరికి. 2023 ఆగస్టులో 69వ అవార్డులకి ముందు జై భీమ్ కి కనీసం రెండు అవార్డులు ఖాయం అని బావతో పందెం కట్టా, ఉత్తమ నటుడు బన్నీ అని వాడన్నాడు, "నువ్వు బ్యాంకు పని చూసుకో" అన్నాన్నేను. జై భీమ్ కి ఒక్కటి కూడా రాలేదు. బన్నీకి వచ్చింది. బిర్యానీతో పాటు డబల్ కా మీటా కూడా తిన్నాడు, బిల్లు నాది. మొన్న 71లో షారుఖ్, విక్రాంత్ మస్సే ఇద్దరికీ పంచుతారని చెప్పి సరి చేశానని చెప్పుకుందామనుకున్నా కానీ డైరీ తీసి చూస్తే విక్రాంత్ ఒక్కడి పేరే ఉంది, బావ ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకున్నాడు.