ఆరేళ్ల దవడ పన్ను, బోరు నీటి మచ్చ: అమ్మాయికి ఒక లేఖ

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బాబు ముందు పళ్ల మీద మచ్చలున్నాయని, దవడలో కొత్తగా వచ్చిన పన్నొకటి నల్లబడుతోందని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఉదయగిరి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు ఆరోగ్య కార్యకర్తగా తిరిగినదాన్ని కనుక, నాకు తెలిసినది కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఆ నల్లబడుతున్న పన్ను సంగతి చూడాలి. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వరుస వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, పైన రెండు, కింద రెండు దవడ పళ్లు మొలుస్తాయి. ఊడిన చోట రాలేదు కాబట్టి తల్లులు వాటినీ పాలపళ్లే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా పెద్దదానికి ఆ పన్ను పుచ్చితే, ఎలాగూ ఊడి కొత్తది వస్తుందిలే అని ఏడాదిపాటు లవంగ నూనె అద్దుతూ గడిపాను. చివరకు పీకించవలసి వచ్చింది, ఆ చోట మరో పన్ను రాలేదు. ఇరవై ఊళ్ల పిల్లలను చూసుకున్నదాన్ని నా బిడ్డ నోరు చూసుకోలేకపోయాననే బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ వారంలోనే బాబును దంతవైద్యుడికి చూపించు. పుచ్చు పైపైన ఉంటే సిమెంటు పెట్టి సరిచేస్తారు, నరం దాకా దిగితే ఆ పని పెద్దదవుతుంది. మిగిలిన మూడు పళ్ల మీద గాడులు లోతుగా ఉంటే, పుచ్చకముందే ఆ గాడులను మూసే సీలెంటు పూత వేయవచ్చునేమో అడుగు.

ఇక మచ్చలు. అవి పాచి కాదు, ఫ్లోరైడు ఎక్కువున్న నీటి వల్ల పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే దాని గట్టి పైపొరైన పింగాణీలో ఏర్పడినవి. ఈ జబ్బు మన దేశంలో ఉన్నదని వైద్యులు 1937లో మొదట వెల్లడించినది మన నెల్లూరు జిల్లా పల్లెల్లోనే; అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఈ జిల్లాలోనివే. కనుక మీ అత్తగారు చెప్పినట్లు బూడిదతోనో ఇటుక పొడితోనో తోమించవద్దు, మచ్చ పోదు సరికదా పింగాణీ అరిగి పళ్లు జివ్వుమంటాయి. బాబు పెద్దవాడయ్యాక ఆ మచ్చలను కనిపించకుండా చేసే చికిత్సలు ఉన్నాయి.

ఇప్పుడు జాగ్రత్త పడవలసినది చంటిదాని విషయంలో. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీరే పళ్ల మీద ముద్ర వేస్తుంది. నేను చూసిన ఇళ్లలో తాగడానికి ప్లాంటు నీళ్లు తెచ్చుకుంటూ, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండేవారు, ఫ్లోరైడు ఆ దారిన లోపలికి పోయేది. కాచినా అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

పేస్టు చంటిదానికి బియ్యపు గింజంత, బాబుకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మివేయించు. వాడు ఏడేళ్లవాడే కనుక రాత్రి పడుకోబోయే ముందు నువ్వే తోము, నిద్రలో లాలాజలం తగ్గి పుచ్చు త్వరగా పట్టేది అప్పుడే. మీ మామగారు తెచ్చే మలైకాజా మానిపించమని నేననను, అన్నంతోపాటు ఒక్కసారిగా పెట్టు. సాయంత్రమంతా కొంచెం కొంచెం కొరికితే కొరికినప్పుడల్లా పళ్ల మీద పులుపు పుడుతుంది.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు, మీ బోరు నీళ్లను గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టి తీసుకురా. సోమవారం నేనే గ్రామీణ నీటి సరఫరా వారి ప్రయోగశాలలో ఇచ్చి వస్తాను. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు వంటకు కూడా పనికిరావు.

ఇట్లు,
మీ పెద్దమ్మ