ఎనిమిదిలోనే మొదలుపెట్టమ్మా

అమ్మా, ఆశీస్సులు.

హైదరాబాద్ బాలాపూర్ బస్తీలో, మయన్మార్ నుంచి శరణార్థులుగా వచ్చిన రోహింగ్యా పిల్లలకి చదువు చెప్పే పనిలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. పది పాసైన వాళ్ళకి ఆపై దారి చూపిస్తానన్నావట. ఇన్నేళ్ళు సర్కారు బడిలో హెడ్‌మాస్టర్‌గా చేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

పది అయ్యాక చూద్దాంలే అనుకోకు. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టాలి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల కేసులో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, ముందు బడికి వెళ్ళి అడగండి, కాదంటే హైకోర్టుకి వెళ్ళండి అంది. కానీ ఎనిమిదో తరగతి దాటాక ఆ చట్టం అండ ఉండదు. సరిగ్గా ఆ వయసులోనే మగపిల్లాణ్ణి తుక్కు ఏరడానికో మాంసం కొట్టుకో పంపుతారు, ఆడపిల్లకి సంబంధాలు చూస్తారు.

అన్నిటికంటే ముందు కాగితాలు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే యూఎన్ కార్డు, బడి అడ్మిషన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చి చూడు. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట మొహమ్మద్, మూడోచోట ఉత్త ఎండీ అని ఉంటుంది. వాళ్ళకి మనలాగా ఇంటిపేర్లు ఉండవు. ఫారంలో ఆ గడి ఖాళీగా వదలలేక ఎవరో తండ్రి పేరులో సగం రాసేస్తారు. పుట్టినరోజు చూస్తే చాలామందికి జనవరి ఒకటే. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, బోర్డుకి వెళ్ళేలోపు ఇవన్నీ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మెమో వచ్చాక దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగలేక వాళ్ళ ప్రాణం పోతుంది.

ఆధార్ విషయం తల్లిదండ్రులతో కచ్చితంగా మాట్లాడు. యూఎన్ కార్డు ఒక్కటే చూపిస్తే ఆధార్ ఇవ్వరు. డబ్బులిస్తే చేయిస్తామని బ్రోకర్లు వస్తారు. కాలేజీ సీటు కోసమే కదా అని ఆశపడి ఒప్పుకుంటే, పట్టుబడిన రోజున కేసు, జైలు. మన హైదరాబాద్‌లోనే అలా అరెస్టైన వాళ్ళున్నారు. ఈ మాట ఒకసారి చెప్పి ఊరుకోకు, అడ్మిషన్ల సీజన్ వచ్చినప్పుడల్లా చెప్పు.

ఇంటర్‌కి ఆన్‌లైన్ ఫారం నింపి కూర్చుంటే పని జరగదు. వేసవి సెలవుల్లోనే ప్రిన్సిపాల్‌ని స్వయంగా కలువు. కుదరదంటే ఆ మాట రాసివ్వమని అడుగు. పనికి వెళ్ళక తప్పని పిల్లాడికి జాతీయ ఓపెన్ స్కూల్ నయం. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, రెండేసి సబ్జెక్టులు చొప్పున రాసుకోవచ్చు. డిగ్రీకి యూఎన్ శరణార్థి సంస్థ వాళ్ళ డాఫీ స్కాలర్‌షిప్ ఉంది. జర్మనీ ప్రభుత్వ సాయంతో 1992లో మొదలైంది. ఈ ఏడాది ఇక్కడ దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందే కనుక్కో.

ఆడపిల్లల సంగతి వేరే. తల్లిని ఒప్పించు. తండ్రితో మాట్లాడేటప్పుడు బస్తీ పెద్ద ఒకరు పక్కన ఉంటే మంచిది. ఇద్దరు ముగ్గురిని ఒకే కాలేజీలో చేర్పించి కలిసి వెళ్ళివచ్చేలా చూడు. మహాలక్ష్మి ఉచిత బస్సుకి ఇక్కడి గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి ఆ పథకం వీళ్ళకి అందదు. బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకుంటారో చేరేముందే తేల్చుకో. ఆ కాసిని డబ్బుల దగ్గరే చదువు ఆగిపోతుంది.

ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పు. శరణార్థుల హక్కుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. అందుకే యూఎన్ కార్డు చూసి కంపెనీలు ఉద్యోగం ఇస్తాయని ఆశ పెట్టకు. టైలరింగ్, మొబైల్ రిపేరు లాంటి చేతిపని చదువుతో పాటే నేర్పించు. పనిలో పెట్టేముందు యజమానిని నువ్వే వెళ్ళి కలువు. జీతం ఎగ్గొట్టినా వీళ్ళు పోలీసు స్టేషన్ గడప తొక్కరని అతనికి తెలుసు. వెనకాల ఒక టీచరమ్మ ఉందని కూడా తెలియాలి. ఏ రోజు పనికి వెళ్ళిందీ, ఎంత ఇచ్చిందీ పిల్లాడి చేత నోట్‌బుక్‌లో రాయించు.

ఇంకోటి, తెలుగు పేపరు. ఇంట్లో రోహింగ్యా భాష, వీధిలో ఉర్దూ. 2018 చట్టంతో మన బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. లెక్కలకి ఎంత టైమిస్తావో దానికీ అంత ఇవ్వు. రేపు షాపులో కూర్చున్నా పనికొచ్చేది అదే.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల జాబితా తయారుచేసి నాకు పంపు. ఏ బడిలో పేర్లు దిద్దించాలో చెబితే, ఆ హెడ్‌మాస్టర్లతో నేను మాట్లాడతాను.